వేలి కణుపుల మీద లెక్క

సిడ్నీ రేవుకు ఎదురుగా ఉన్న కాసినోలో, రెండవ అంతస్తున, పెద్ద పందేల కోసం వేరుగా ఒక గది ఉండేది. కింది హాలులో పది డాలర్లకు ఆడే ఆట అక్కడ వందకు తక్కువైతే ఆడనివ్వరు. ఆ గదిలో పేకముక్కలు పంచేవారు పదకొండుమంది. వారందరిలోకీ వయసున పెద్దది విద్యావతి. ఆమెకు నలభై ఆరేళ్ళు. నల్ల ప్యాంటు, జేబులు లేని ఊదారంగు చొక్కా, రొమ్ము మీద ‘విద్య’ అని ఇంగ్లీషులో రాసిన పేరుబిళ్ళ. మధ్యాహ్నం పన్నెండింటికి బల్ల వెనుక నిలబడితే గంటకొకసారి ఇరవై నిమిషాల విరామం తప్ప రాత్రి ఎనిమిది వరకు కూర్చోవడమనేది లేదు. మడమల నొప్పి మొదటి నెలలోనే వచ్చి, ఇంటికి వచ్చిన చుట్టంలా కాక ఇంటిమనిషిలా ఉండిపోయింది.

ఆమె చీరాలలో బాలికోన్నత పాఠశాలలో పదిహేడేళ్ళు లెక్కలు చెప్పింది. భర్త శివప్రసాద్ కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాడు; అదీ పాతకాలపు కోబాల్ భాషలో. రెండువేల సంవత్సరం వచ్చిన అర్ధరాత్రి కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తికమకపడతాయని లోకమంతా భయపడిన రోజులవి. సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన పాత ప్రోగ్రాములను సరిదిద్దడానికి ఒక బీమా కంపెనీ ఆయనను తొంభై ఎనిమిదిలో పిలిపించుకుంది. భార్యాభర్తలూ, కూతురు వైశాలీ సిడ్నీ శివారు టూంగాబీలో అద్దె ఇంట్లో దిగారు. ఇక్కడ బడిలో చెప్పాలంటే మళ్ళీ రెండేళ్ళు చదవాలని విద్యావతికి ఉత్తరం వచ్చింది. ఊరికే కూర్చోవడం చేతకాక, పత్రికలో ప్రకటన చూసి, కాసినోవారు నేర్పే ఆరువారాల శిక్షణలో చేరింది. ఉబుసుపోకకు చేరిన ఉద్యోగమే ఏడాది తిరిగేసరికి ఇంటికి నిట్రాట అయింది. ఎందుకంటే జనవరి ఒకటో తేదీన ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా చూడడమే శివప్రసాద్ పని. ఏమీ జరగలేదు కనుకనే ఆయన అవసరం తీరిపోయింది. మార్చి నెలాఖరుకు బీమా కంపెనీవారు కేకు కోసి, చేతులు కలిపి, సాగనంపారు. ఆనాటినుంచి ఆయన గ్రంథాలయం నుంచి తెచ్చిన జావా ప్రోగ్రాముల పుస్తకం ముందు పెట్టుకుని, దరఖాస్తులు పంపుతూ ఇంట్లోనే ఉన్నాడు. తెలుగువాళ్ళ విందుల్లో ఎవరైనా అడిగితే, భార్య హోటల్ లైనులో ఉందని చెప్పేవాడు. అది అబద్ధమని అందరికీ తెలుసు కనుక ఎవరూ రెట్టించేవారు కారు.

విద్యావతి పంచే ఆట పేరు బ్లాక్‌జాక్. ఆటగాడు పంచేవారికంటె ఇరవై ఒకటికి దగ్గరగా రావాలి, దాటిపోకూడదు; అంతే ఆట. ఆరు పేకలు కలిపి, ఒక నల్లపెట్టెలో పెట్టి, ఒక్కొక్క ముక్కే లాగి పంచుతారు. శిక్షణలో ఒక మధ్యాహ్నం, ఆటగాళ్ళలో లెక్కపెట్టేవాళ్ళుంటారనీ, వాళ్ళను కనిపెట్టి ఉండాలనీ చెప్పారు. చిన్న ముక్కలు ముందుగా అయిపోతే పెట్టెలో పెద్దవి మిగులుతాయి. పెద్దవి మిగిలితే ఆటగాడికి మేలు. రెండు నుంచి ఆరు దాకా ఏది వచ్చినా ఒకటి కలుపుకోవాలి. పది, బొమ్మలు, ఆసు ఏది వచ్చినా ఒకటి తీసెయ్యాలి; ఏడు, ఎనిమిది, తొమ్మిది లెక్కలోకి రావు. ఆ లెక్క పైకి పోయినప్పుడు లెక్కగాడు పందెం పెంచుతాడు. అది నేరం కాదు, కాని కాసినోకు నష్టం. అటువంటివాణ్ణి మర్యాదగా బయటికి పంపి, మళ్ళీ గడప తొక్కనివ్వరు.

ఆ పాఠం విన్ననాటినుంచి ఆమెకు ఒక జాడ్యం పట్టుకుంది. కావాలని లెక్కపెట్టలేదు. కళ్ళముందు అంకెలు దొర్లుతూ ఉంటే పదిహేడేళ్ళు అంకెలతో కాపురం చేసిన బుద్ధి ఊరుకోలేకపోయింది. ముక్క తిప్పగానే లోపల ఒకటి చేరేది, ఒకటి తరిగేది. మొదట్లో కాలక్షేపంగా ఉండేది. ఆరునెలల తరువాత అది కాలక్షేపమూ కాదు, సంతోషమూ కాదు. చెవిలో మోగే తుమ్మెదరొదలా ఆపినా ఆగని వ్యవహారమైంది. ఇంటికి వెళ్ళే రైల్లో ఎదుటివాళ్ళ టికెట్ల మీద అంకెలు కూడా అలాగే చేరి తరిగేవి.

లెక్కకు ఆమె చేతికి ఒక అలవాటు ఉంది. చీరాల బడిలో చిన్నపిల్లలకు ఆమె నేర్పిన పద్ధతే. ఒక్కొక్క వేలికి మూడు కణుపులు, నాలుగు వేళ్ళకు పన్నెండు. చిటికెనవేలి అడుగు కణుపు దగ్గర బొటనవేలు పెట్టి మొదలుపెడితే చూపుడువేలి కొసకు డజను. ముక్కలు పంచేటప్పుడు కుడిచెయ్యి పనిలో ఉండేది. ఆటగాడు ఆలోచనలో పడగానే ఆ చెయ్యి బల్ల అంచున వాలేది. వాలగానే బొటనవేలు తన కణుపు తాను వెతుక్కునేది. లెక్క పెరిగితే పై కణుపుకు ఎక్కేది, తగ్గితే దిగేది, సున్నాకు దిగువకు పోతే అరచేతిలోకి ముడుచుకునేది. ఇదంతా జరుగుతున్నట్టు ఆమెకు తెలియదు. అడిగి ఉంటే, మనసులోనే లెక్కపెడుతున్నానని ఒట్టు పెట్టి చెప్పేది.

ఏప్రిల్ నెలలో ఆ గదికి గ్యారీ అనే ఆటగాడు రావడం మొదలుపెట్టాడు. ముప్పై రెండేళ్ళుంటాయి, చామనఛాయ, ఇస్త్రీ చొక్కా, మెత్తని ఇంగ్లీషు. ఫిజీ దేశపు భారతీయుడై ఉంటాడనుకున్నది విద్యావతి. ఎప్పుడూ బల్ల చివరి కుర్చీలో, ఆమె కుడిచేతివైపున కూర్చునేవాడు. నిమ్మకాయ సోడా తాగుతూ, పక్కవాళ్ళతో క్రికెట్టు మాట్లాడుతూ, ముక్కలవంక చూడనైనా చూడకుండా ఆడేవాడు. ఒకప్పుడు వంద, ఒకప్పుడు వెయ్యి. ఇటువంటి అజాగ్రత్త మనిషి ఇంతగా ఎలా గెలుస్తున్నాడని ఆమె ఒకటి రెండుసార్లు అనుకున్నది; అలసట మీద ఆ ఆలోచన అక్కడే పడిపోయింది.

జూలై చివర, ఒక మంగళవారం ఆమె మూడింటికే సెలవు పెట్టి ఇంటికి బయలుదేరింది. సెంట్రల్ స్టేషనులో రైలుకోసం బెంచీమీద కూర్చుని బూట్లు వదులు చేసుకుంటూ ఉండగా ఎవరో దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“నమస్తే అక్కా.”

తల ఎత్తి చూస్తే గ్యారీ.

అతడు తెలుగువాడని ఆమె అప్పటిదాకా ఎరగదు. అతడే చెప్పుకున్నాడు. అసలు పేరు శేషగిరి, ఊరు జనగామ దగ్గర. అతడూ శివప్రసాద్‌లాగే తేదీలు సరిదిద్దడానికి వచ్చినవాడే. ఫిబ్రవరిలో పని పోయింది. తనలాంటివాళ్ళు నలుగురు దాచుకున్న సొమ్ము పోగుచేసి, లెక్క బాగా వచ్చినవాడని ఇతణ్ణి బల్లముందు కూర్చోబెట్టారు. ఇంతవరకు చెప్పి, ఆమె పక్కన బెంచీమీద కూర్చుని, సంచిలోంచి ఒక దళసరి కవరు తీశాడు.

“ఇది మీది అక్కా. ముందే ఇయ్యాల్సింది. ఆలిస్యమైంది, ఏమనుకోకుండ్రి.”

“నాదేమిటి? నీ దగ్గర నాదేముంటుంది నాయనా?”

అతడు ఆమెవంక వింతగా చూశాడు. తరువాత తన కుడిచెయ్యి చాచి, చిటికెనవేలి అడుగున బొటనవేలు పెట్టి, ఒక్కొక్క కణుపే ఎక్కించి చూపాడు. “మీ ఏలు అక్కా. పైకి పోతే నాకు మంచిగ, కిందికొస్తే కాసినోకు మంచిగ. పిడికిట్ల పడ్డదంటే వందకు దాటను. పేరు జూసి కాదు, ఆ ఏలు జూసే మీరు మనోళ్ళని పట్టిన. మా నాయనమ్మ గిట్లనే పాల లెక్క పెట్టేది.”

విద్యావతి తన చేతిని చూసుకున్నది. ఆ చెయ్యి ఒళ్ళో సంచిమీద ఉంది. అప్పటికీ బొటనవేలు ఉంగరపువేలి నడిమి కణుపు మీద ఆనుకుని ఉంది.

“నువ్వు లెక్కపెట్టడం లేదూ?”

“మొదట్ల నేనే పెట్టేటోణ్ణి. రోజుకు ఆరు గంటలు. నిద్రల గూడ ముక్కలే ఒస్తుండె. మే నెలల ఒకరోజు నా లెక్కా మీ ఏలూ ఒక్కతీర్గ ఉన్నయి. మర్నాడు గూడ గట్లనే. ఇగ నా బాధ బంద్ జేసిన.” అతడు కొంచెం నవ్వాడు. “మీరు కావాల్నని చూపిస్తున్రనుకున్న. మనోడు తిప్పలు పడ్తున్నడని, అక్క సాయం జేస్తున్నదని.”

“నేను నీ ముఖమైనా సరిగా చూడలేదు,” అన్నది విద్యావతి.

ఆ మాట విన్నాక అతడు చాచిన చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. కవరు ఇద్దరి మధ్యా బెంచీమీద ఉండిపోయింది. కాసినోలో ముక్కలు పంచేవారు ఆటగాడి దగ్గర ఒక్క డాలరు ఇనాము కూడా తీసుకోరాదు. చొక్కాలకు జేబులు లేకపోవడం అందుకే. ఆటగాడికి సైగ చేసినట్టు తేలితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు పోతుంది, కోర్టు పిలుస్తుంది. ముగ్గురు తినే ఇంటికి ఆమె జీతం తప్ప ఆధారం లేదు.

“దాన్ని ముందు సంచిలో పెట్టు,” అన్నది. “రేపటినుంచి నా బల్లకు రాకు.”

“రాకుంటే, పైసలు పెట్టినోళ్ళకు ఏం జెప్పాలె అక్కా?”

ఆమె బూట్లు బిగించుకున్నది. రైలు వచ్చింది, ఎక్కింది.

మర్నాడు అతడు వచ్చాడు. అదే కుర్చీ, అదే నిమ్మకాయ సోడా. గదిలో ఇంకో బ్లాక్‌జాక్ బల్ల ఖాళీగా ఉన్నా ఇక్కడికే వచ్చాడంటే, చెప్పినమాట వినని మొండితనం కాదు, స్వయంగా లెక్కపెట్టే ఓపిక అతడికి మిగలలేదని ఆమెకు అర్థమైంది. ఆమె కుడిచేతిని పిడికిలి బిగించి బల్లమీద పెట్టింది. పిడికిలిని చూసి అతడు వందకు దాటలేదు. గంటసేపు అలా నడిచింది. కాని బొటనవేలిని కాపలా కాయడానికి మనసంతా అక్కడ పెట్టేసరికి, ముందున్న ముక్కలు కళ్ళకు ఆనలేదు. ఎవరో చైనా వర్తకుడు పదిహేడు రాగానే ఇక ముక్క వద్దని ఆగిపోయాడు. ఆమెకు పద్దెనిమిది వచ్చింది. ఆమె ఓడినట్టు అతడికి ఆరువందలు చెల్లించింది. లెక్కల పంతులమ్మ పద్దెనిమిదికంటె పదిహేడు పెద్దదని తీర్పు చెప్పింది. సూపర్‌వైజరు వచ్చి సరిదిద్దాడు గాని, పైనున్న కెమెరాలు సరిదిద్దుకోవు. వారం తిరగకుండా ఉత్తరం వచ్చింది. నిఘా విభాగంవారు గురువారం పదకొండు గంటలకు ఆమెతో మాట్లాడదలచారు. లైసెన్సు వెంట తెచ్చుకోవలెను.

ఆ గదిలోనే ఇంకొక బల్ల దగ్గర జరీనా పనిచేసేది. నంద్యాల మనిషి, భర్త ఉమర్ టాక్సీ నడిపేవాడు. ఇద్దరూ విరామంలో ఒక డబ్బాలో అన్నం పంచుకు తినేవారు. బల్లముందు ఆటగాళ్ళు లేనప్పుడు జరీనా వేళ్ళ కణుపులమీద దేవుని పేర్లు లెక్కపెట్టుకునేది. మొదట్లో ఎవరో అడిగితే ప్రార్థన అని చెప్పింది. ఆమీదట ఎవరూ అడ్డుచెప్పలేదు. ఉత్తరం చదివి, సంగతంతా విని, ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

“దీనికింత దిగులేందక్కా? జపమని చెప్పు. నాది ఒప్పుకున్నారు, నీది ఒప్పుకోరా యేం? దేవుని మాటంటే వీళ్ళు నోరెత్తరు.”

“జపం చేస్తూ చేస్తూ ఒకణ్ణి గెలిపించానంటారు.”

“వాడు చూసి ఆడితే వాని పాపం వానిది. నీ నోటితో నువ్వు చెప్పినావా యేమన్నా?”

ఇంట్లోనూ అదే మాట. శివప్రసాద్ జావా పుస్తకం మూసి, జపమంటే తప్పేమీ లేదనీ, ఆమె లెక్కను దేవుడికంటె ఎక్కువగానే కొలిచింది గదా అనీ అన్నాడు. నవ్వించాలని అన్నమాట, ఇద్దరికీ నవ్వు రాలేదు. పక్కగదిలోంచి వైశాలి, “జస్ట్ సే ఆర్థరైటిస్, అమ్మా. నీకు నొప్పులున్నాయి కదా, ఇట్స్ నాట్ ఈవెన్ ఎ లై,” అన్నది. ఆ పిల్ల ఆ ఏడు పన్నెండో తరగతి పరీక్షలకు చదువుతోంది. తల్లి ఉద్యోగం పోతే యూనివర్సిటీకి వెళ్ళడం ఎలాగన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

గురువారం పదకొండుకు ఆమెను కిటికీలు లేని చిన్నగదిలో కూర్చోబెట్టారు. ఎదుట నిఘా విభాగపు అధికారిణి మార్గరెట్. అరవైకి దగ్గర పడిన మనిషి, కళ్ళజోడు మెడకు వేలాడేసుకుంది. ఆమె పక్కన, లైసెన్సుల సంగతి చూసే కుర్రఅధికారి ఒకడు రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. మార్గరెట్ టీవీలో టేపు పెట్టింది.

తెరమీద ఒక చెయ్యి కనిపించింది. అది తనదేనని గుర్తుపట్టడానికి విద్యావతికి కొంతసేపు పట్టింది. మనిషి లేదు, ముఖం లేదు. ఆకుపచ్చ గుడ్డ అంచున వాలిన ఒక ముదిరిన చెయ్యి. బొటనవేలు ఎక్కుతోంది, దిగుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఎక్కుతోంది. ఎవరూ తోలకపోయినా గానుగ చుట్టూ తిరిగే ఎద్దులా ఉంది. తెర రెండవ సగంలో శేషగిరి పందెం. వేలు చూపుడువేలికి చేరినప్పుడల్లా వెయ్యి. అరచేతిలోకి ముడుచుకున్నప్పుడల్లా వంద. నలభై నిమిషాలు అలా చూపించారు. ఇంత పని తన చేతిచేత ఎవరు చేయించారా అని ఆమెకు ఆ చేతిమీద జాలి కలిగింది.

మార్గరెట్ టేపు ఆపింది. ఆ ఆటగాడు మూడు నెలలుగా గెలుస్తున్నాడనీ, ఈ బల్లవద్ద తప్ప ఎక్కడా గెలవలేదనీ, ముక్కలవంక చూడకుండానే లెక్కగాడిలా పందెం కాస్తున్నాడనీ చెప్పింది. తరువాత కళ్ళజోడు తీసి, గొంతు తగ్గించి అన్నది: “మీ సహోద్యోగిని ఒకామె వేళ్ళమీద ప్రార్థన చేసుకుంటుందని మాకు తెలుసు. దానికి మాకు ఆక్షేపణ లేదు. మీదీ అటువంటిదే కావచ్చునని నాతోటివాళ్ళు కొందరు అన్నారు. అటువంటిదేనా?”

తలుపు తెరిచిపెట్టి, దాటి వెళ్ళమన్నట్టుగా ఉంది ఆ ప్రశ్న. అవునంటే చాలు. విద్యావతి నోరు తెరిచింది కూడా.

కాని పదిహేడేళ్ళు లెక్క సరిచూసిన అలవాటు అక్కడా ఆగలేదు. అవునంటే రేపు పన్నెండింటికి మళ్ళీ అదే బల్ల. శేషగిరి వస్తాడు. వేలు కదులుతుంది, అతడు చూస్తాడు, అతడు చూస్తున్నాడని తనకు తెలుస్తుంది. ఈరోజు వరకు ఆమె ఏ పాపమూ ఎరగదు. అవునన్న మరుక్షణంనుంచి, ఆ కవరు ముట్టుకోకపోయినా, అందులో వాటాదారే. పైగా ఇకమీదట రెండు లెక్కలు మొయ్యాలి: ముక్కలదొకటి, జపమని చెప్పినదానికి తగ్గట్టు వేలిని నడిపించేదొకటి. ఒక్కటి మొయ్యడానికే ఆమెకు శక్తి చాలడం లేదు.

“కాదు,” అన్నది. “ప్రార్థన కాదు. లెక్కపెడుతున్నాను.”

కుర్రఅధికారి కలం ఆగింది. మార్గరెట్ సొరుగులోంచి ఒక పేక తీసింది. కలిపి, ఒక ముక్కను బోర్లించి పక్కన పెట్టి, తక్కిన యాభై ఒకటీ ఒక్కొక్కటే తిప్పుతూ పోయింది. త్వరగానే తిప్పింది. విద్యావతి చెయ్యి బల్లమీద ఉంది. దాచుకునేందుకు ఏమీ మిగలలేదు కనుక ఆ వేలిని దాని ఇష్టానికి వదిలేసింది. చివరి ముక్క పడేసరికి అది చిటికెనవేలి అడుగు కణుపు మీద నిలిచింది.

“పేకంతా అయితే సున్నా రావాలి, ఒకటి మిగిలింది. మీరు దాచింది పెద్ద ముక్క. పదో, బొమ్మో, ఆసో.”

మార్గరెట్ తిప్పింది. కళావరు రాణి.

“అతడికోసం లెక్కపెట్టారా?”

“ఎవరికోసమూ కాదు. ఆపడం చేతకాక.”

ఆ తరువాత అంతా చెప్పింది. స్టేషను, బెంచీ, కవరు, తిప్పి పంపడం. అతడు తన భాషవాడనీ, తాను సాయం చేస్తున్నానని భ్రమపడ్డాడనీ కూడా చెప్పింది. అతడి పేరు మాత్రం రెండుసార్లు అడిగితేగాని చెప్పలేదు. స్టేషనులో ఉన్న కెమెరాల టేపులు అడిగి తెప్పించి చూస్తామనీ, అంతవరకు పనిలోకి రావద్దనీ, జీతం ఉండదనీ చెప్పి లైసెన్సు తీసుకున్నారు.

ఏడువారాలు పట్టింది. ఆ ఏడువారాల్లో సిడ్నీకి ఒలింపిక్ ఆటలు వచ్చాయి, వెళ్ళాయి. టూంగాబీ వీధుల్లో పిల్లలు జెండాలు పట్టుకుని తిరిగారు. శివప్రసాద్ తపాలా శాఖవారి గిడ్డంగిలో ఉత్తరాలు వేరుచేసే పనికి కుదిరాడు. ఊరి పేర్లలో తప్పులు కనిపెట్టడం అలవాటైన పనేనని అన్నాడు. మొదటి కొన్నాళ్ళు ఆయన ఆమెతో ముభావంగా ఉన్నాడు. జపమని ఒక్కమాట అంటే పోయేదానికి ఇంత దూరం తెచ్చిందన్న బాధ ఆయనకు పోలేదు. పోయిందని నటించలేదు కూడా. వైశాలి తనకు శనివారాల్లో సూపర్‌మార్కెట్టులో పని దొరికిందని చెప్పినరోజున మాత్రం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

శేషగిరి నుంచి ఒక్కసారి ఫోను వచ్చింది. తనను కాసినోలో అడుగుపెట్టవద్దన్నారనీ, ఫోటో తీసుకున్నారనీ చెప్పాడు. ఆమె తన పేరు చెప్పినందుకు నిందిస్తాడేమో అనుకున్నది. అతడు నిందించలేదు.

“నిన్న పది గంటలు పండుకున్న అక్కా,” అన్నాడు. “పైసలోళ్ళు తిడుతున్రు. తిట్టనియ్యి.”

అక్టోబరు మొదటివారంలో పిలుపు వచ్చింది. విద్యావతి వెనుకద్వారాన లోపలికి వెళ్ళి, ఉద్యోగులు బట్టలు మార్చుకునే గది దాటుతుంటే జరీనా ఎదురైంది. గోడమీద కొత్త కాగితం అంటించి ఉంది: బల్లవద్ద నిలబడినవారు చేతులు పనిలో లేనప్పుడు వేళ్ళు చాచి బల్లమీద పరచి ఉంచవలెను, ఏ కారణంచేతనూ కదల్చరాదు.

జరీనా ఆ కాగితాన్ని చూపలేదు. చూపనక్కరలేదు.

“నువ్వు జపమని చెప్పింటే నాది నాకుండేదక్కా,” అన్నది. గొంతులో కోపం కంటె నీరసమే ఎక్కువ.

“నీకు చెప్పకుండా చేశాను. తప్పే జరీనా.”

“నిజం చెప్పడానికి నా పర్మిషనేంది.” ఆమె తన అలమర మూసి తాళం వేసింది. “రోజుకు మూడుసార్లు తొంభై తొమ్మిది చెప్పేదాన్ని ఆడ నిలబడి. కాళ్ళ నొప్పి తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తాంది, అంతే.” వెళ్ళబోయి ఆగి, విద్యావతి భుజంమీద చెయ్యివేసి తీసేసి వెళ్ళిపోయింది.

మార్గరెట్ గదిలో కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. కవరు ఆమె ముట్టుకోలేదని స్టేషను కెమెరాలో స్పష్టంగా ఉంది. కుట్ర ఏదీ కనబడలేదు. లైసెన్సు తిరిగి ఇస్తున్నారు. అయితే ముక్కలు పంచే ఏ బల్లవద్దా ఆమెను ఇక నిలబెట్టరు. కింది హాలులో పెద్ద చక్రం ఒకటుంది. పిల్లల తిరునాళ్ళలోలాగా తిప్పితే ఎక్కడో ఒకచోట ఆగుతుంది. దానిమీద రెండు డాలర్లనుంచి పందెం కాయవచ్చు. అందులో లెక్కకు పనిలేదు. ఒకసారి ఆగినచోటికీ మరొకసారి ఆగేచోటికీ సంబంధం ఉండదు. అక్కడ ఉద్యోగం ఉంది. జీతం మూడోవంతు తక్కువ. ఇష్టమైతే సంతకం చేయవచ్చు.

ఇది శిక్షగా భావించవద్దని మార్గరెట్ అన్నది. ఇరవై రెండేళ్ళుగా తాను కెమెరాల ముందు కూర్చున్నాననీ, ఇంట్లో భర్త కాఫీ కలుపుతున్నా ఆయన చేతులనే చూస్తూంటాననీ చెప్పి, అంతకుమించి చెప్పడం పద్ధతి కాదన్నట్టు కాగితం ముందుకు జరిపింది.

విద్యావతి మొదటినుంచి చివరివరకు చదివింది. చదివి సంతకం చేసింది. తేదీ వేసేచోట సంవత్సరం నాలుగంకెలూ వేసింది.

అడగవలసినది ఏమైనా ఉన్నదా అని మార్గరెట్ అడిగింది.

“ఒక్కటే,” అన్నది విద్యావతి. “ఆ చక్రం దగ్గర కూర్చోవడానికి కుర్చీ ఉంటుందా?”

మార్గరెట్‌కు తెలియదు. ఫోను తీసి కింది హాలువాళ్ళను అడిగింది. వాళ్ళు చూసి చెబుతామన్నారు. ఇద్దరూ ఫోనువంక చూస్తూ ఎదురుచూశారు. కొంతసేపటికి జవాబు వచ్చింది: లేదట, నిలబడే తిప్పాలట.

“సరే,” అని విద్యావతి లేచింది. పన్నెండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. చొక్కా మార్చుకోవాలి.